మైసమ్మను డబ్బాలో పెట్టిన కథ: ఒక చెరువు కేస్ స్టడీ

ముందే చెప్తున్నా, ఇది సక్సెస్ స్టోరీ కాదు. వరంగల్ జిల్లా వర్ధన్నపేట వైపు ఒక ఊరి చెరువు మీద 2016 నుంచి ఆగుతూ సాగుతూ చేసిన పని. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. ఇందులో అందరికంటే ఎక్కువ తిట్లు పడాల్సింది నాకే కాబట్టి, నా గురించి మాత్రం దాచకుండా రాస్తాను.

నేను చదివింది సివిల్. హన్మకొండలో పుట్టి, చిన్న చెరువులు, కుంటలు, తూములు (పొలాలకు నీళ్లు వదిలే దారులు), మత్తళ్ల (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోట్లు) పనుల్లోనే జుట్టు నెరిసింది. మధ్యలో ఒకసారి సిస్టమ్స్ థింకింగ్ మీద ట్రైనింగుకు పోయి వచ్చాను. అక్కడ నిల్వ, రాక, పోక అని ఒక బొమ్మ నేర్పుతారు. స్నానాల తొట్టి గీసి, నల్లా నుంచి నీళ్లు వస్తాయి, అడుగు నుంచి పోతాయి, తొట్టిలో ఉన్నది నిల్వ అంటారు. మనకు తొట్టెందుకు, చెరువే ఉంది కదా అని నవ్వుకున్నాను. కానీ ఆ చూపు వచ్చాక చెరువు వేరేగా కనిపించింది, అది ఒప్పుకోవాలి. నీళ్లు ఒక నిల్వ, ఏడాదిలో నిండి ఖాళీ అవుతుంది. పూడిక ఇంకో నిల్వ, ఇరవై ముప్పై ఏళ్లకు గాని కంటికి ఆనదు. ఊరి మనుషులకు ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకం మూడో నిల్వ. అది నిండడానికి తరం పడుతుంది, ఖాళీ కావడానికి ఒక్క రాత్రి తూము ఎత్తితే చాలు.

అప్పటికి చెరువులు బాగుచేసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలై ఏడాది దాటింది. 2015 మార్చిలో సదాశివనగర్‌లో మొదలైంది, రాష్ట్రం మొత్తం మీద 46,531 చెరువులు, కుంటలు లెక్క తేల్చారు. పూడిక సర్కారు తీయించేది, ట్రాక్టర్లలో పొలాలకు తోలుకునే ఖర్చు రైతుది. మా ఊరి చెరువుకూ ఆ పని వచ్చింది. పూడిక తీసుడు, కట్ట వెడల్పు చేసుడు, తూము బాగుచేసుడు. పనులయ్యాక చెరువును ఎవరు చూసుకోవాలి, నీళ్లు ఎట్లా పంచుకోవాలి అన్నది ఊరివాళ్లతో కూర్చుని తేల్చమని ఒక చిన్న సంస్థ నన్ను పెట్టుకుంది.

చిక్కు పాతదే. ఆయకట్టు రైతులకు యాసంగి నాటుకు నీళ్లు కావాలి. చేపల సంఘం వాళ్లకు పిల్ల పెరిగేదాకా చెరువులో నీళ్లు నిలవాలి. తూము షట్టర్ తిప్పే హ్యాండిల్ ఒక పెద్దమనిషి ఇంట్లో మంచం కింద ఉండేది. ఆయన పొలం తూముకు దగ్గర, అంతకంటే చెప్పనక్కర్లేదు. తూము చూసుకుంటూ పొలాలకు నీళ్లు పంచే నీరటి అనే మనిషి పేరుకే మిగిలాడు. డెబ్బై దాటిన ముసలాయన, ఒకప్పుడు ఎకరానికి ఇన్ని కుంచాలని వడ్లు ఇచ్చేవాళ్లు, బోర్లు పడ్డాక అది ఆగిపోయింది.

పంచాయతీ ఆఫీసులో గోడకు నాలుగు చార్టులు అతికించి మూడు రోజులు కూర్చున్నాం. బోరు పడితే చెరువు మీద ఆశ తగ్గుతుంది, ఆశ తగ్గితే కాలువ ఎవరూ తవ్వరు, కాలువ తవ్వకపోతే చెరువు నిండదు, నిండకపోతే భూమిలో నీరు దిగదు, అప్పుడు ఇంకా లోతు బోరు వేస్తారు. ఇట్లా ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటూ పోయే చుట్టు గీస్తే కుర్రాళ్లు అబ్బురపడ్డారు. నేనూ పొంగిపోయాను. ఇరవై ఏడు బాణాలు. అప్పుడు వెనక గోడకు ఆనుకుని కూచున్న ఒక అవ్వ అడిగింది.

"గిండ్ల మైసమ్మ ఏడున్నది బిడ్డా?"

మైసమ్మ అంటే చెరువుకట్టను కాచే అమ్మవారు. నేను ఏమాత్రం తడబడకుండా కింద మూలకు ఒక డబ్బా గీసి 'సంస్కృతి' అని రాశాను. దానికి ఒక్క బాణం కూడా పెట్టలేదు, అటునుంచీ లేదు, ఇటునుంచీ లేదు. అవ్వ ఏమీ అనలేదు, కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది. ఆ చార్టు ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. అప్పుడప్పుడు తీసి చూసుకుంటా, నా చేతిరాత ఎంత ధీమాగా ఉందో చూడడానికి.

ఇక అసలు తప్పు. కట్ట వెడల్పు చేయాలంటే తూము పక్కన వేపచెట్టు కింద ఉన్న కట్టమైసమ్మ అడ్డం వచ్చింది. గుడి అంటే గుడి కాదు, పసుపు కుంకుమ పూసిన రాయి, ముందర రెండు బండలు. కాంట్రాక్టు మనిషి అడిగితే, ఊరి పెద్దల్లో ఇద్దరు తలూపారు, నేనూ తలూపాను. రాయిని కట్ట దిగువకు, రోడ్డు పక్కకు మార్చారు. కొబ్బరికాయ కొట్టే మార్చారు, నిమ్మకాయలు కూడా కోశారు. పద్ధతి తప్పలేదనే అనుకున్నాం. పైగా రోడ్డు పక్కనైతే ముసలివాళ్లకు నడక తప్పుతుందని నేనే ఒక పాయింటు కూడా చెప్పాను.

ఆ శ్రావణంలో బోనాలు రోడ్డు పక్కకే వచ్చాయి. డప్పులు మోగాయి, యాట తెగింది, అందరూ ఇంటికి పోయారు. కట్ట మీదికి ఎవరూ ఎక్కలేదు. ఎక్కాల్సిన పని లేదు మరి.

2016 సెప్టెంబరు ఆఖర్లో వానలు దంచాయి. అంతకుముందు రెండేళ్లు కరువు కాబట్టి చెరువు నిండుతుంటే ఊరంతా సంబరం. నాలుగో రోజు పొద్దున, మేకలు కాసే పిల్లవాడు తూము వెనక పొలం గట్టున నీళ్లు ఉబుకుతున్నాయని చెప్పాడు. నీరటి తాతను బండి మీద ఎక్కించుకుని పోయాం. ఆయన వంగి, దోసిట్లో ఆ నీళ్లు పట్టి, వెలుతురుకు ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోయాక అరచేతిలో సన్నటి మన్ను మిగిలింది.

"తేటనీళ్లయితే భయం లేదు సారూ. బురదనీళ్లస్తే ఊరును లేపాలె."

నేను కాలేజీలో ఏడాదంతా చదివిన పాఠం అది. ఏ మట్టికట్ట అయినా ఎంతో కొంత ఊరుతుంది. వచ్చే నీళ్లు తేటగా ఉంటే కట్ట తన మట్టిని తాను పట్టుకుని ఉన్నట్టు. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతూ సొరంగం పడుతున్నట్టు, గంటల్లో తెగొచ్చు. అందులోనూ తూము గోడకూ మట్టికీ మధ్య సందు ఎప్పుడూ అనుమానపు చోటే, ఎందుకంటే గోడ పక్కన రోలర్ పోదు, మనిషి దిమ్మిసతో కొట్టాలి, పొర పొరకూ తడిపి కొట్టాలి. మా పనిలో అక్కడ సరిగ్గా కొట్టలేదు. వేపచెట్టు తీసిన గుంతను కూడా పొడి మట్టితో నింపేశారు. చూడాల్సింది నేను, చూడలేదు.

ఆ రోజంతా ఏం చేశామో ఈ పనిలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా. ఉబికే చోట మట్టి పోసి మూసేయాలని అందరి చేతులూ దురద పెడతాయి. అదే చేయకూడదు, మూస్తే నీళ్లు ఇంకో దారి వెతుక్కుంటాయి. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల ముందు ఇసుక, దాని మీద చిన్న కంకర, దాని మీద పెద్ద కంకర పోశాం. నీళ్లు రావాలి, మన్ను రాకూడదు. ఇంకోపక్క మత్తడి మీద అడ్డంగా పెట్టిన బస్తాలు తీసి నీటిమట్టం దించాం (నీళ్లు ఇంకాస్త నిలవాలని అవి ఎవరు పెట్టారో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు). సాయంత్రం అయిదింటికి నీళ్లు తేటపడ్డాయి. తాత అప్పుడు గాని బీడీ ముట్టించలేదు.

ఊళ్లో మాట మాత్రం ఒక్కటే. మైసమ్మను కదిలించారు, ఆమె కదిలింది. నాకు తెలిసిన కారణం మట్టి సరిగ్గా దట్టించకపోవడం. ఈ రెండు మాటలూ ఒకే చోటు వైపు, అంటే ఆ వేపచెట్టు గుంత వైపే వేలు చూపిస్తున్నాయని నాకు వెలగడానికి నెలలు పట్టింది. ఆమె ఎన్నేళ్ల నుంచో కట్ట మీద అన్నిటికంటే బలహీనమైన చోటునే కూచుని ఉంది. ఏటా వందలమంది ఆ చోటు దాకా నడిచేవాళ్లు. ఎలుక బొరియ ఉంటే కాలు దిగబడేది, సర్కారు తుమ్మ మొలిస్తే బోనం ఎత్తుకున్నామె చీరకు ముల్లు గుచ్చుకునేది, ఆ కోపానికి అక్కడికక్కడే ఎవడో ఒకడు గొడ్డలి అందుకునేవాడు. మేం ఆ నడకను తీసి రోడ్డు పక్కన పెట్టాం.

తర్వాత ఏం చేశామో చెప్పాలంటే ఇంకో తప్పుతో మొదలుపెట్టాలి. 'అవగాహన కార్యక్రమం' అని ఫండ్ ఉంటే, డోలు కొడుతూ మల్లన్న కథలు పాడే ఒగ్గు కళాకారులను పిలిపించాం. నేనే స్క్రిప్టు రాసిచ్చాను. పూడిక, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం), సమాన పంపిణీ, అన్నీ ఉన్నాయి అందులో. చుక్క సత్తయ్య పుట్టి పాడిన నేల ఇది, పక్క జనగామ జిల్లా మాణిక్యాపురం, ఇక్కడి జనానికి ఒగ్గుకథ అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్ల ముందు డోలు మీద 'ఎఫ్‌టీఎల్' అని పాడించాను. పది నిమిషాలు చూసి చాయ్ తాగడానికి లేచారు. ప్రధాన కథకుడు పాపం మర్యాదస్తుడు, డబ్బు తీసుకున్నాడు కాబట్టి చివరిదాకా పాడాడు. పోతూ పోతూ, "సార్, మీ కాయితం మంచిగనే ఉన్నది గనీ, అండ్ల దేవుడు లేడు, కొట్లాట లేదు, మేమేం చెప్పాలె?" అన్నాడు.

2017 సంక్రాంతి తర్వాత మైసమ్మను తిరిగి కట్ట మీదికి తెచ్చారు. ఊరే తెచ్చుకుంది, మా సంస్థ పైసా పెట్టలేదు, నేను పట్టుబట్టి తూము పక్క మట్టిని మళ్లీ తవ్వించి పొర పొరగా కొట్టించడం ఒక్కటే మా వంతు. చిన్న వేప మొక్కను తూముకు దూరంగా నాటారు, వేళ్లు గోడలోకి పోకుండా. ఐనవోలు మల్లన్న దగ్గరే కాబట్టి ఊళ్లో కురుమల ఇళ్లలో ఏటా పట్నాలు, అంటే దేవుడి పేరున నేల మీద రంగుపొడుల ముగ్గులు, వేయిస్తారు. ఆ ఏడు కట్టకిందే వేయిద్దామన్నారు. అదే కథకుడు వచ్చాడు, ఈసారి నా కాగితం లేకుండా.

పట్నం వేయడం దగ్గర కూచుని చూడడం అదే మొదటిసారి. అలికిన నేల మీద పూజారి బియ్యప్పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి వదులుతుంటే దారం తీసినట్టు గీత పడుతోంది. పసుపు, కుంకుమ, ఆకు దంచిన పచ్చపొడి. కాగితం లేదు, కొలత లేదు, ఒక్క గీత కూడా చెరిపి మళ్లీ గీయలేదు. రెండు గంటలు పట్టింది. నా ఇరవై ఏడు బాణాల చార్టు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది, కొంచెం ఈర్ష్య కూడా.

రాత్రి కథ. మల్లన్నకు ఇద్దరు పెండ్లాలు, గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మ. వాళ్లిద్దరి కయ్యం దగ్గరికి వచ్చేసరికి కథకుడు డోలు ఆపించి, "ఇద్దరి నడుమ మల్లన్న ఎట్లున్నడంటే, నాటుకు చేపకు నడుమ మన చెరువున్నట్టున్నడు" అన్నాడు. జనంలో కదలిక. వంతపాటగాడు అమాయకంగా మొహం పెట్టి, "అవుగనీ అన్నా, మరి తూము హ్యాండిలు ఏ పెండ్లాం కొంగుకు కట్టుకున్నదే?" "ఏ పెండ్లాం కొంగుకూ లేదురా, ఎవలదో మంచం కింద ఉన్నదట!"

నవ్వు చెరువు అవతలి ఒడ్డుకు వినిపించి ఉంటుంది. ఆ పెద్దమనిషి ముందు వరుసలోనే ఉన్నాడు. ఆయనా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు. నేను మూడు మీటింగుల్లో, పవర్‌పాయింట్ పెట్టి కూడా ఎత్తలేని మాట అది. ఎత్తితే పార్టీ గొడవ అయ్యేది. దేవుడి కథలో, అర్ధరాత్రి, పసుపు వాసనలో ఎవరో ఎవరినో అన్నట్టు అనడం వల్ల అందరూ విన్నారు, ఎవరూ దెబ్బతినలేదు.

తెల్లారగట్ల పట్నం తొక్కారు. రాత్రంతా దీపాల వెలుగులో మెరిసిన గీతలు నిమిషంలో కలగలిసిపోయాయి, ఆడవాళ్లు ఆ రంగుపొడిని చిటికెడు తీసి నొసట పెట్టుకున్నారు. నేను నా చార్టును లామినేషన్ చేయించి పంచాయతీకి ఇచ్చి ఉన్నాను అప్పటికే. వచ్చే ఏడు ఆ పూజారి మళ్లీ మొదటి నుంచి పట్నం గీస్తాడు, గీస్తే గాని ఆయన కొడుకు చేతికి రాదు. ఆ తర్వాత నుంచి నేను ఏ ఊళ్లోనూ మ్యాప్ దాచిపెట్టడం లేదు. ప్రతి ఏడూ సుద్దముక్కతో నేల మీద, కొత్తగా, ఆ ఊరివాళ్లతోనే గీయిస్తాను.

హ్యాండిల్ మర్నాడే బయటికి వచ్చిందనుకుంటే పొరపాటు. రెండు నెలలు పట్టింది, మధ్యలో రెండు కొట్లాటలు. చివరికి పంచాయతీ ఆఫీసులో పెట్టెలో, రెండు తాళాలు, ఒకటి రైతులకు, ఒకటి చేపల సంఘానికి. నీరటి తాత మనవణ్ని పనిలో పెట్టారు, నెలకు ఇంత అని. వడ్లు కాదు, డబ్బులే కావాలని ఆ పిల్లవాడు గట్టిగా పట్టుబట్టాడు, పట్టుబట్టడం సబబే. పాత పద్ధతి అద్భుతం అని రాసేవాళ్లు ఒకటి మర్చిపోతారు, ఆ తాత తండ్రి ఆ పనిని చాలావరకు వెట్టిగా చేశాడు. కులం చెప్పిన పని, కాదంటే ఊళ్లో బతుకు లేదు. ఆ లెక్క లేకుండా నీరటి వ్యవస్థను పొగడడం నాకు చేతకాదు.

ఈ అనుభవం తర్వాత కాకతీయుల మాట ఒకటి నాకు వేరేగా వినిపిస్తోంది. సప్తసంతానాలు అనేవాళ్లు: కొడుకు, చెరువు, గుడి, వనం, అగ్రహారం, నిధి, కావ్యం. స్కూల్లో బట్టీ పట్టాం. పాలంపేటలో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు గుడీ కట్టించాడు, చెరువూ తవ్వించాడు, గుడి శాసనం 1213 నాటిది. 2021లో ఆ గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. మనం ఇప్పుడు చెరువును ఇరిగేషన్‌కు, గుడిని దేవాదాయానికి, కావ్యాన్ని సాంస్కృతిక శాఖకు ఇచ్చి మూడు ఫైళ్లు చేశాం. నా చార్టులో మూల డబ్బా కూడా అట్లాంటి నాలుగో ఫైలే.

డొనెల్లా మెడోస్ అనే అమెరికన్ ఆవిడ, వ్యవస్థను ఎక్కడ పట్టుకుంటే కదులుతుందో పన్నెండు చోట్లు వరుస పెట్టి రాసింది. అన్నిటికంటే బలహీనమైన చోటు అంకెలు మార్చడం. పైపైకి పోతే, మనిషి లోకాన్ని చూసే చూపే మారడం. దానికీ పైన ఇంకొకటి ఉంది, ఏ చూపునూ పూర్తి నిజమని పట్టుకుని వేలాడకపోవడం. ట్రైనింగులో ఈ పన్నెండోది వినగానే బాగుందనిపించింది, అంతే.

దాని అర్థం నాకు అవ్వ చెప్పింది. 2018లో కొత్త మ్యాప్ గీశాం. ఈసారి మైసమ్మ నట్టనడుమ. భక్తి నుంచి కట్ట మీది నడకకు బాణం, నడక నుంచి బొరియలు కనబడడానికి, అక్కడి నుంచి మరమ్మతుకు, మరమ్మతు నుంచి నిండు చెరువుకు, నిండు చెరువు నుంచి మళ్లీ భక్తికి. నా లెక్కన బ్రహ్మాండమైన చుట్టు. అవ్వను వెతికి మరీ పిలిపించి చూపించాను. వేలు పెట్టి ఒక్కో బాణం వెంట పోయి, నన్ను చూసి నవ్వింది.

"మేం కట్టను చూడనీకి పోతలేం బిడ్డా. ఆమెను చూడనీకి పోతున్నం. కట్ట మాకు కనబడ్తది, గంతే."

నేను వాదించబోయాను, ఫలితం ఒకటే కదా అవ్వా అని. "ఒకటెట్లయితది? రేపు నువ్వు కట్ట చూసే మిషను ఒకటి తెస్తవు. అప్పుడు ఆమెను మళ్ల రోడ్డు మీద పెడ్తవు."

సమాధానం దొరకలేదు. నిజంగానే ఆ నెలలో ఊట కొలిచే సెన్సార్ల కోసం ఒక ప్రపోజల్ రాస్తున్నాను. ప్రపోజల్ పంపాను, రాలేదు, అది వేరే సంగతి.

ఏం మిగిలిందో కూడా చెప్పాలి. రెండు తాళాల పద్ధతి మూడేళ్లు బాగా నడిచింది. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ నీళ్లు చెరువులోకి తిప్పడం మొదలయ్యాక ఎవరికీ నీళ్ల బెంగ లేదు, తాళాలు తుప్పు పట్టాయి, ఫీడర్ కాలువలో తుంగ మొలిచింది. రాక పెరిగితే నిల్వ మీద జాగ్రత్త తగ్గడం నా మొదటి చార్టులోనే ఉంది, బోరు ఉన్న చోట కాలువ అని రాసుకుంటే సరిపోతుంది. బతుకమ్మ నాడు మాత్రం కట్ట కిటకిటలాడుతుంది. తంగేడు ఇంకా దొరుకుతోంది, గునుగు కోసం పిల్లలు చాలా దూరం పోవాల్సి వస్తోంది, చెల్కల్లో కలుపుమందు కొడుతున్నారు కదా. అది ఏ మ్యాప్‌లో పెట్టాలో నాకింకా తేలలేదు.

2023 జూలై 27. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డ రోజు, మోరంచపల్లి మునిగిన రోజు. మా కాలనీలో కూడా మోకాలు లోతు నీళ్లు. రాత్రి పదకొండు దాటాక తాత మనవడు ఫోన్ చేశాడు. వెనక వాన హోరు, ఇంకా చాలామంది గొంతులు.

"సార్, తూము పక్కన ఊట మొదలైంది."

"తేటనా, బురదనా?"

"ఆగు సార్, టార్చి పట్టు అన్నా... దోసిట్ల పట్టిన... తేటనే సార్."

"అంతమంది గొంతులెవరివిరా?"

"అందరం మైసమ్మ కాడ్నే ఉన్నం సార్. అవ్వ దీపం పెడ్తా అన్నది, గొడుగు పట్టినం."